అయినవాళ్ళ మధ్య పరాయిది



పై చదువులు చదివిన ఆడపిల్ల పుట్టింటికి వచ్చి, కాగితమూ కలమూ పట్టుకుని, "అత్తయ్యా, మీకు వచ్చిన పాత కథలన్నీ చెప్పండి, రాసుకుంటాను" అందనుకోండి. ఆవిడ ఏమంటుంది? "నీకిదేం పిచ్చే!" అని నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. 1927లో అమెరికాలో ఒక నల్లజాతి స్త్రీకి ఇంచుమించు ఇదే అనుభవమయింది. ఆమె పేరు జోరా నీల్ హర్‌స్టన్.

ఆమె 1891లో అలబామాలో పుట్టి, ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌లో పెరిగింది. నల్లవారే కట్టుకుని, నల్లవారే పాలించుకున్న ఊరది. దుకాణం అరుగు మీద పెద్దలు చెప్పుకునే కథలు వింటూ పెరిగిందావిడ. తరువాత న్యూయార్కులో బార్నార్డ్ కాలేజీలో చేరింది. ఆనాడు అక్కడ చదివే నల్లపిల్ల ఆమె ఒక్కతే. మానవశాస్త్రంలో ఆమె గురువు ఫ్రాంజ్ బోయాస్. ఒక జాతి పుట్టుకతో గొప్పది, మరొకటి తక్కువది అనే మాటను శాస్త్రరీత్యా ఖండించిన పండితుడాయన.

తెల్లవాడు వచ్చి అడిగితే నల్లవారు మనసు విప్పరు. నవ్వుతూ ఏదో ఒకటి చెప్పి పంపించేస్తారు. మరి వారిలో పుట్టిన పిల్లే వెళితే? ఆ ఆశతోనే ఆమె ఫ్లోరిడా వెళ్ళింది. కాని కాలేజీ యాస నోటినుంచి పోలేదు. ఆ మాటతీరు వినగానే జనం ముడుచుకుపోయారు. చర్మం ఒకటే అయినా, చదువు అడ్డం వచ్చింది చూశారా!

1928లో పోక్ కౌంటీలోని కలప కూలీల దగ్గరికి వెళ్ళినప్పుడూ అంతే. అక్కడి ఆడవాళ్ళు పోస్టులో తెప్పించుకున్న 1.98 డాలర్ల గౌన్లు కట్టుకుంటే, ఈవిడ గౌను ఖరీదు 12.74 డాలర్లు. పైగా కారు! సర్కారు వేగు అని అనుమానించారు. దొంగసారా అమ్మి పారిపోయి వచ్చానని బొంకితే గాని దగ్గరికి రానివ్వలేదు. తెల్లవారి హోటళ్ళలో ఆమెకు చోటు లేదు గనక ఎన్నో రాత్రులు కారులోనే పడుకుంది. పక్కన పిస్తోలు ఉండేది. ఈ కష్టం తెల్ల పండితుడికి లేదు. అయితే ఆమెకు దొరికిన కథలూ అతనికి దొరకవు.

ఇంత చేసీ ఆ కథలు ఆమెవి కాలేదు. నెలకు 200 డాలర్లిచ్చిన ధనికురాలు షార్లట్ మేసన్ అనే తెల్ల వితంతువు. సేకరించినదంతా మేసన్ సొత్తేనని 1927 డిసెంబరులో ఒప్పందం రాసుకున్నారు. దున్నిన చేయి ఒకరిది, గాదె ఒకరిది!

1860లో క్లోటిల్డా ఓడలో బానిసగా తెచ్చిన కొసోలా అనే వృద్ధుడి కథను ఆమె అతని మాటల్లోనే రాసింది. ఆ భాషను దిద్దితే అచ్చువేస్తామన్నారు ప్రచురణకర్తలు. ఆమె ఒప్పుకోలేదు. ఆ పుస్తకం 'బరకూన్' వెలువడింది 2018లో. 1960లోనే ఆమె పేదరికంలో కన్నుమూసింది. గుర్తులేని ఆ సమాధికి 1973లో రాయి వేయించింది మరో నల్లజాతి రచయిత్రి, ఆలిస్ వాకర్.

పండితులు "ఆ జనం ఇలాంటివారు" అని రాస్తే మనం నమ్మేస్తాం. ఇకమీద ఒక్క మాట అడుగుదాం: అడిగినదెవరు? ఆ మనిషిని ఇంట్లోకి పిలిచి చెప్పారా, గుమ్మంలోనే నిలబెట్టి చెప్పారా? చరిత్రలో సగం ఆ గుమ్మం దగ్గరే ఉంటుందమ్మా.