‘సేవ’ అనే అధ్యాయం

నా సిద్ధాంత గ్రంథం నాలుగో అధ్యాయం దగ్గర ఏడాదిన్నర ఆగిపోయింది. పత్రిక, నాటకం, బుర్రకథ తెలుగువాళ్లకు కథ చెప్పిన తీరు నా విషయం. మొదటి మూడు అధ్యాయాలు సులువుగానే నడిచాయి. రాజమండ్రిలో కూచుని రాసేవాడు మొదలు ఎక్కడని వెతుక్కోనక్కర్లేదు. వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పెట్టింది ఇక్కడే. ‘రాజశేఖర చరిత్ర’ 1878లో అందులోనే విడతలుగా వచ్చి, తర్వాత పుస్తకమైంది. గౌతమీ గ్రంథాలయంలో దుమ్ము దులుపుకుంటూ ఇవన్నీ రాసుకున్నాను.

నాలుగో అధ్యాయం పేరు ‘ముస్లింల సేవ’. నేను పెట్టింది కాదు, మా పర్యవేక్షకులు పెట్టారు. మంచి మనసుతోనే. “మీవాళ్ల గురించి కూడా ఉండాలి కదయ్యా” అన్నారు. తక్కినవాళ్లు రాసింది సాహిత్యం, మావాళ్లు రాసింది సేవ! సొంతింటి మనిషి ఇల్లు కట్టాడంటారు గాని సేవ చేశాడంటారా?

పిఠాపురం ఉమర్ ఆలీషానే తీసుకోండి. 1885లో పుట్టి 1945లో పోయాడు. సూఫీ గురువు, కేంద్ర శాసనసభ సభ్యుడు. పద్యం, నవల, నాటకం మూడూ తెలుగులో రాశాడు. ఉమర్ ఖయ్యామును పారశీకం నుంచి తెలుగు చేశాడు. ఆయన్ని ‘సేవ’లో కూచోబెడితే నాటకం అధ్యాయంలో కుర్చీ ఖాళీ.

నాజర్ సంగతి మరీ కష్టం. మా డెల్టావాడు కాదు, గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920లో దూదేకుల ఇంట్లో పుట్టాడు. భుజాన తంబుర, వేళ్లకు అందెలు, అటూ ఇటూ వంతలు. ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం. పల్నాటి యుద్ధం చెప్పినా అల్లూరి కథ చెప్పినా ఆ రాజకీయ వంత నోట నాటి సంగతులు దూరేవి. ప్రజానాట్యమండలి రోజుల్లో బెంగాల్ కరువు కూడా కథయింది. చదువు రాని కూలీకి అదే పేపరు. నా గ్రంథానికి ఇంతకన్నా గుండెకాయలాంటి విషయం ఏముంది? దాన్ని తీసుకెళ్లి ‘సేవ’లో నాలుగు పుటలకు సర్దమంటే చెయ్యి ఆడలేదు.

1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు. ఆయన జీవితకథ పుస్తకం పేరు ‘పింజారి’. ఊళ్లో మమ్మల్ని తిట్టడానికి వాడే మాట. మమ్మల్ని అంటున్నాను, నేనూ దూదేకులవాణ్నే. ఉర్దూ రాదని మసీదు దగ్గర చిన్నచూపు. “సాయిబువైనా తెలుగు బాగా మాట్లాడతావే” అని కాలేజీలో మెచ్చుకోలు. రెండోదే ఎక్కువ గుచ్చుకునేది.

మొన్న వేసవిలో నాలుగో అధ్యాయం విప్పేశాను. ఆలీషా నాటకంలోకి, నవలలోకి వెళ్లాడు. బుర్రకథ అధ్యాయం నాజర్‌తోనే మొదలవుతుంది. పర్యవేక్షకులు చూసి, “ముస్లింల అధ్యాయం ఏదయ్యా?” అన్నారు.

“అన్నిట్లో ఉందండీ.”

“అలాగైతే పరీక్షకులకు కనపడదే!”

అందులోనూ నిజం లేకపోలేదు. విడిగా పెడితే అతిథులం, కలిపేస్తే మాయం. అందుకని ‘పింజారి’ అనే మాట మీద రాసిన పదకొండు పుటలు తియ్యలేదు, బుర్రకథ నడుమనే ఉంచాను. ఆ అధ్యాయం ఇప్పుడు సగానికి వచ్చింది.