ఒక్కరికి ఒక కప్పు చాయ్

లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన. కట్టె ఎప్పుడో పోయింది, పేరు మాత్రం ఉంది. ఇప్పుడు పైనుంచి మెట్రో పోతోంది.

అక్కడి నుంచి రెడ్ హిల్స్ వైపు వెళితే నిలోఫర్ ఆసుపత్రి. ఇస్తాంబుల్‌లో పుట్టి ఏడో నిజాం రెండో కోడలిగా వచ్చిన నిలోఫర్ పేరు అది. ఆవిడ దగ్గర పనిచేసే రఫత్ 1949లో కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి పుట్టిన ఆసుపత్రి 1953లో మొదలైంది. ఆ పేరుతోనే దగ్గర్లో 1978లో కేఫ్ నిలోఫర్ వచ్చింది. లోపల కూతురు నొప్పులు పడుతుంటే బయట తల్లి చేతిలో ఉండేది చాయే కదా.

ఇరానీ చాయ్ అంటాం గానీ, ఇరాన్‌లో పాలు పోయరు. పంచదార బిళ్ల నోట్లో పెట్టుకుని నల్లటి టీ తాగుతారు. బొంబాయి, పుణేల మీదుగా ఇక్కడికి వచ్చిన ఇరానీలు మన నాలుకకు తగ్గట్టు పాలు చేర్చారు. ఒక పాత్రలో డికాక్షన్ మూతపెట్టి దమ్ మీద ఉంటుంది, ఇంకో పాత్రలో పాలు చిక్కగా మరుగుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. అంతసేపు మరిగిన డికాక్షన్ చేదెక్కదా? ఎక్కుతుంది. పాలలోని ప్రొటీన్ ఆ వగరును పట్టేసుకుంటుంది, మిగిలింది పంచదార చూసుకుంటుంది.

ఆ హోటళ్లలో ఆడవాళ్లకు పరదా వేసిన ఫ్యామిలీ గది ఉండేది. మగవాళ్లు బయట గంటలు గంటలు కూర్చునేవారు. ‘వన్ బై టూ’ కూడా ఇద్దరి లెక్కే. ఆడది ఒక్కతే కూర్చుని తన కోసం ఒక చాయ్ చెప్పడం ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. ఇంట్లో మాత్రం ఉందా? అందరికీ పోశాక గిన్నె అడుగున నల్లబడ్డ పిప్పితో మిగిలినదే మన వాటా.

ఒక్కరికి పెట్టుకుంటే చేదెందుకు వస్తుందో చూడండి. పదిమందికి పెట్టే గిన్నెలో ఒక్క కప్పు నీళ్లు పోస్తే త్వరగా ఆవిరైపోతాయి. దానికి తోడు మనం వాడేది గుండ్రటి సీటీసీ పొడి. 1930 ప్రాంతంలో అస్సాంలో పుట్టిన యంత్రం ఆకును చిదిమి, చించి, చుట్టేస్తుంది. రంగు వెంటనే దిగుతుంది, వగరు కూడా అంతే. మరిగించి పాలు పోసే మన పద్ధతికి అది సరే. ఒక్క కప్పుకు మాత్రం నీలగిరిదో అస్సాందో విడి ఆకు తెచ్చుకోండి.

150 మిల్లీలీటర్ల నీళ్లు తెర్లాక స్టవ్ ఆపేయండి. రెండు గ్రాముల ఆకు వెయ్యండి, అంటే చిన్న చెంచాడు. ఆకు పెద్దదైతే కాస్త గోపురంగా. మూత పెట్టి మూడు నిమిషాలు. తర్వాత చుక్క మిగలకుండా వడకట్టాలి, అసలు కిటుకు అదే. నీళ్లలో మిగిలిపోయిన ఆకు వగరును వదులుతూనే ఉంటుంది. ఘాటు కావాలంటే ఆకు పెంచండి, టైము కాదు. పాలు కావాలా, వేరే కాచి పైన పోసుకోండి, ఇరానీ హోటల్లోలాగే. గ్రీన్ టీకైతే తెర్లే నీళ్లు వద్దు, కాస్త చల్లారనివ్వాలి.

వడకట్టిన ఆకు పారేయకండి. మంచి విడి ఆకు ఇంకోసారి దిగుతుంది, ఈసారి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఎవరైనా వచ్చి ‘నాకూ కొంచెం’ అంటే కొత్త ఆకుతో మళ్లీ పెట్టండి, మీ కప్పులోంచి పోయకండి.