ర్యామ్ వేగం: జంపర్ల నుంచి ఎక్స్‌పో దాకా

1990లలో కంప్యూటర్ వేగం పెంచాలంటే చాలా మదర్‌బోర్డుల మీద జంపర్లు మార్చాల్సి వచ్చేది. 1998 నాటి సెలెరాన్ 300ఏలో బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే ప్రాసెసర్ 450 దగ్గర నడిచేది. ర్యామ్ కూడా ఆ 100ను తట్టుకోవాలి. 2007లో డీడీఆర్3 కోసం ఇంటెల్ ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ ప్రొఫైల్ పద్ధతిని తెచ్చింది. దానితో వేగం, టైమింగులు, వోల్టేజీ ర్యామ్ మీది ఎస్‌పీడీ చిప్‌లోనే నమోదయ్యాయి.

ర్యామ్ వేగానికి అసలు పరీక్ష 2017లో, ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లతో ఎదురైంది. 3200 అని ముద్రించిన ర్యామ్ కొన్ని బోర్డుల్లో 2133 దాటేది కాదు, ఒక్కోసారి బూటే అయ్యేది కాదు. సీమాస్ (బయోస్ సెట్టింగులు) క్లియర్ చేసి, ఒకే స్టిక్‌తో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చేది. శాంసంగ్ బీ-డై చిప్‌లున్న ర్యామ్‌కు గిరాకీ పెరిగింది. మే నెలలో ఏఎండీ ప్రకటించిన ఏజీసా 1.0.0.6 ఫర్మ్‌వేర్‌తో పరిస్థితి చాలావరకు చక్కబడింది. డీడీఆర్5 కోసం ఎక్స్‌ఎంపీ లాంటి ఏఎండీ సొంత పద్ధతి ఎక్స్‌పో 2022లో వచ్చింది.