పన్నెండు మంది, ఒకే ప్రశ్న

2006లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) తరఫున 12 మంది నిపుణుల ముందు పెట్టిన ప్రశ్న సారం ఇది: గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము తగ్గి, శాశ్వతంగా అలాగే ఉంటే, దేశంలో పెద్దల మరణాలు ఏటా ఎంత శాతం తగ్గుతాయి? హద్దులతో సహా చెప్పండి. ఇందులో ఊరికే పెట్టిన మాట ఒక్కటీ లేదు.

పీఎం 2.5: రెండున్నర మైక్రాన్లకు మించని ధూళి కణాలు, ఊపిరితిత్తుల లోతుదాకా పోతాయి. ఈపీఏ గాలి నిబంధనల వల్ల కలిగే మేలును డాలర్లలో లెక్క కడితే, అందులో 90 శాతం దాకా తప్పిన మరణాలదే. అంత బరువూ ఈ ఒక్క జవాబు మీదే పడుతుంది.

శాశ్వతంగా: ఈ మాట లేకపోతే ఒకరు రేపటి ఆసుపత్రి లెక్క, మరొకరు ఇరవై ఏళ్ల తర్వాతి లెక్క చెబుతారు. ఇద్దరూ ఒప్పే, కానీ జవాబిచ్చింది ఒకే ప్రశ్నకు కాదు.

తగ్గుతాయి: ఈ క్రియలోనే అసలు పేచీ. తగ్గాలంటే ధూళి మరణానికి కారణమై ఉండాలి, తోడుగా కనిపిస్తే చాలదు. అందుకే కారణమని ఎంత నమ్ముతున్నారో కూడా అడిగారు. పదిమంది 90 శాతమో అంతకు మించో అన్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు 70, ఇంకొకరు 35. ఆ 35 చెప్పినవారూ అదే పరిశోధనలు చదివినవారే. సందేహాన్ని గొణిగి ఊరుకోకుండా అంకెగా చెప్పడం నా దృష్టిలో ధైర్యమే.

హద్దులతో: "బహుశా" అంటే ఎంత? వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ బృందం (ఐపీసీసీ) అలాంటి మాటలకు అంకెలు కట్టింది. దాని నివేదికల్లో "సంభావ్యం" అంటే కనీసం 66 శాతం. ఇక్కడ మాటల బదులు నేరుగా అంకెలే అడిగారు. అయితే నిపుణులకూ ఒక జబ్బుంది, హద్దులను ఇరుకుగా గీయడం. కాంతి వేగాన్ని కొలిచిన భౌతిక శాస్త్రవేత్తలే తమ పొరపాటు ఎంత ఉండవచ్చో తక్కువగా వేసుకున్నారని 1986లో హెన్రియన్, ఫిష్‌హాఫ్ అనే పరిశోధకులు చూపించారు. అందుకే ఇలాంటి ముఖాముఖిలో ముందు రెండు కొసలు అడిగి, తర్వాత నడిమికి రావడం మంచిదంటారు. నడుమ అంకె ముందే నోట పడితే మనసు దాన్ని వదలదు.

నిపుణులు: ఎపిడెమియాలజీ, టాక్సికాలజీ వంటి రంగాలవారు. పేర్లు నివేదికలో ఉన్నాయి కానీ ఏ జవాబు ఎవరిదో తెలియదు. జవాబులకు ఏ నుంచి ఎల్ దాకా అక్షరాలే.

ఎంత శాతం: అంతకుముందు ఈపీఏ అనిశ్చితి లెక్క ఎక్కువగా అచ్చయిన అధ్యయనాల గణాంక దోషం మీదే నడిచేది. ఈ 12 మంది అంచనాల్లో మధ్య విలువలు ఈపీఏ పాత అంచనాలకన్నా పెద్దవిగా ఉండవచ్చని, వ్యాప్తి మాత్రం వెడల్పని తేలింది. అన్నిటినీ కలిపి ఒక సగటు తీస్తే అధికారులకు సుఖం. కానీ ఆ సగటులో 35 అన్నవారు కనిపించరు. 2006 ధూళి ప్రమాణాల విశ్లేషణలో ఈపీఏ ఆ పని చేయలేదు. పన్నెండు ఫలితాలనూ పక్కపక్కనే అచ్చు వేసింది.