కొలెస్ట్రాల్ ఎక్కువని వస్తే థైరాయిడ్ కూడా చూపించుకుందాం



మగ్గాల ఊరు మన పొదటూరుపేట. మా వదిన కండెలు చుడుతూ "ఒళ్లు బరువుగా ఉంది, చలి తట్టుకోలేను" అంటే, పని ఎక్కువై అలసిపోయిందనుకున్నాం. కొలెస్ట్రాల్ ఎక్కువని వస్తే నూనె తగ్గించమన్నాం, మాత్ర వేసుకోమన్నాం. కండరాల నొప్పులు మొదలయ్యాక గానీ థైరాయిడ్ పరీక్ష చేయించలేదు. చూస్తే థైరాయిడ్ మందగించింది. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం వైద్యులకు తెలిసి తొంభై ఏళ్లు దాటిందని తర్వాత తెలుసుకున్నాం.

థైరాయిడ్ అంటే మనకు గుర్తొచ్చేది గొంతు వాపు, అయోడిన్ ఉప్పు. మన శ్రీకాకుళం బిడ్డ డాక్టర్ వి. రామలింగస్వామి బృందం 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం, ఉప్పులో అయోడిన్ కలిపితే ఆ వాపు తగ్గుతుందని చూపింది. కానీ ఆ గ్రంథి పని గొంతుతో ఆగదు.

1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదితో ఎక్కించి, ఒక రోగిని కోలుకునేలా చేశారు. 1930లో అమెరికా వైద్యులు థైరాయిడ్ మందగించినవారి రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువనీ, జోరెక్కినవారిలో తక్కువనీ రాశారు. నేటి టి.ఎస్.హెచ్. పరీక్ష రాకముందు, థైరాయిడ్ జబ్బును పసిగట్టడానికి కొలెస్ట్రాల్‌నే ఒక ఆధారంగా చూసేవారు.

కారణమేమిటి? చెడు కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. వీటిని 1970లలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ కనుగొన్నారు. 1985లో వారికి నోబెల్ వచ్చింది. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఈ గ్రాహకాలు తగ్గుతాయి. కొలెస్ట్రాల్‌ను పిత్త ఆమ్లాలుగా మార్చే పనీ నెమ్మదిస్తుంది. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారీ కూడా కొంత తగ్గుతుంది గానీ, ఖర్చు అంతకన్నా తగ్గుతుంది. మిగిలినది రక్తంలోనే పేరుకుంటుంది.

అలాగని థైరాయిడ్ బాగున్నవారు కొలెస్ట్రాల్ కోసం ఆ హార్మోన్ మింగకూడదు. గుండెపోటు వచ్చినవారికి అమెరికాలో డెక్స్‌ట్రోథైరాక్సిన్ ఇచ్చి చూస్తే కొలెస్ట్రాల్ తగ్గింది, మరణాలు మాత్రం ఎక్కువయ్యాయి. ఆ మందును ఆపేశామని 1972లో ప్రకటించారు.

కాబట్టి కొలెస్ట్రాల్ ఎక్కువని వస్తే, టి.ఎస్.హెచ్. కూడా చూడాలా అని డాక్టరును అడగండి. థైరాయిడ్ లోపం ఉండగా దాన్ని సరిచేయకుండా స్టాటిన్ మాత్రలు వాడితే కండరాల బాధ వచ్చే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ సరయితే కొలెస్ట్రాల్ తనంతట తానే దిగవచ్చు. అయినా డాక్టరు చెప్పకుండా ఏ మాత్రా ఆపకండి, మొదలుపెట్టకండి. మా వదిన విషయంలో మేము ఆలస్యం చేశాం. మీ ఇంట్లో ఆ ఆలస్యం వద్దు.