బస్తా బియ్యం పట్టని ఊరు

పొదుపుగా బతకడం మనకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. సిరిసిల్ల వైపు మా ఇళ్ళల్లో వడ్లు చేతికొచ్చిన కాలంలోనే ఏడాదికి సరిపడా బియ్యం పట్టించి పెడతారు. మిరపకాయలు కల్లం మీద ఉండగానే కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, కారం పట్టించి డబ్బాలకెత్తుతారు. కొత్త చింతపండు రాగానే గింజ తీసి, ఉప్పేసి కుండలో కూరుతారు. ధర దిగినప్పుడు కొని దాచుకోవడమే మనకు తెలిసిన పొదుపు. అందుకే బొంబాయి వచ్చాక నన్ను మొదట తికమక పెట్టింది కిరాణా కొట్టు. చేతిలో డబ్బులున్నవాళ్ళు కూడా ఇక్కడ రెండు కిలోల బియ్యం, అర లీటరు నూనె కొంటారు. నాలుగు రోజులకు మళ్ళీ అదే కొంటారు. చిన్న పొట్లం ఎప్పుడూ ప్రియమేనని వాళ్ళకు తెలియదా?

తెలుసు. పెట్టడానికి చోటే లేదు. నేనుండే ఒంటి గది ఖోలీ పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఒక మూల మోరీ. స్నానం, గిన్నెలు, బట్టలు అన్నీ అక్కడే. దాని పక్కన నీళ్ళ డ్రమ్ము, ఎందుకంటే నల్లా వచ్చేది పొద్దున కాసేపే. పొయ్యి గట్టు, మంచం, ఇనుప బీరువా పోగా మిగిలింది పడుకునే చోటు. తల మీద పోట్‌మాలా అని ఒక చెక్క అటక. దాని మీద పెట్టెలు, పరుపులు, పీటలు, మధ్యలో గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ. నిచ్చెనేసుకుని ఎక్కి, మెడ వంచి, ముందున్న పెట్టెను పక్కింటివాళ్ళ చేతికిచ్చి, అప్పుడు జాడీ అందుకోవాలి. ఇక జూన్‌లో వాన పట్టుకుంటే సెప్టెంబరు దాకా గోడలు చెమ్మ వదలవు. కారానికి బూజు పడుతుంది, ఉప్పు నీరవుతుంది, బియ్యానికి పురుగు పడుతుంది. అమ్మ బస్సులో వేసి పంపిన బస్తాలో సగం మా చాల్‌లో, అంటే ఈ వరస గదుల ఇంట్లో ఉండేవాళ్ళకు పంచిపెట్టాను. పంచినందుకు సంతోషమే. కానీ లగేజీ కిరాయి కలుపుకుంటే ఆ బియ్యం ఇక్కడి కొట్టు బియ్యం కంటే ఎక్కువ పడ్డాయి. ఇక్కడి సిటీ బస్సు ఒక్కటి మాత్రం కలిసొస్తుంది అనుకున్నాను. కనీస చార్జీ అయిదు రూపాయలుండేది, 2025 మేలో పదయింది.

ఈ ఊళ్ళో అన్నిటికంటే ప్రియమైన సరుకు చోటు. ఆ చోటు ఎలా పుట్టిందో మనవాళ్ళు తెలుసుకోవాలి, ఎందుకంటే అందులో మన చెమట ఉంది. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. మహాలక్ష్మి, వర్లీ మధ్య గండిలోంచి పోటు వచ్చినప్పుడల్లా సముద్రం లోపలి పల్లమంతా ముంచేది. గవర్నర్ హార్న్‌బీ కాలంలో ఆ గండికి కట్ట వేశారు, దాన్ని హార్న్‌బీ వెల్లార్డ్ అన్నారు. కట్ట వెనక పల్లాలు ఆరుతూ వచ్చాయి. ఆ బురద నేలలో 1795 ప్రాంతం నుంచి నిజాం ఇలాకా నుంచి వచ్చిన మన తెలుగు కూలీలు, కామాఠీలు, కాపురాలు పెట్టారు. మట్టి మోశారు, రాళ్ళెత్తారు, గోడలు కట్టారు. వాళ్ళ పేరు మీదే అది కామాఠిపురా అయింది.

ఆ పేరు చెబితే మన ఊళ్ళో కొందరు మొహం పక్కకు తిప్పుకుంటారు. అది నాకు కష్టంగా ఉంటుంది. తెల్లదొరల కాలంలో అక్కడి కొన్ని గల్లీలు ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ బజారయ్యాయి, సినిమాలు ఆ గల్లీలనే చూపించాయి. అదే పేటలో తెలుగు తల్లులు గడప దగ్గర కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, బీడీలు చుట్టి సంసారాలు నిలబెట్టారు. జోతీరావు ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి మన కామాఠీలున్నారు. వాళ్ళ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు.

ఈలోగా నూలు మిల్లులు వచ్చాయి, మా వైపు పద్మశాలీలు మగ్గం వదిలి వర్లీ, పరేల్ చాళ్ళకు చేరారు. 1896లో ప్లేగు వచ్చింది. ఇరుకు ఇళ్ళే కారణమని రెండేళ్ళకు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి ఎన్నో ఇళ్ళు పడగొట్టారు. 1920లో ఏర్పడిన డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కూలీల కోసం వర్లీ, నాయ్‌గావ్‌ల్లో కట్టినవే ఇవాళ్టి బీడీడీ చాళ్ళు.

ఇక కిరాయి సంగతి. నా పక్క ఖోలీ తాత ఒకరోజు రేకు డబ్బా తీసి పావతులు, అంటే కిరాయి రసీదులు చూపించాడు. పల్చటి కాయితాలు, మడతల దగ్గర చిరిగి, పైన ఇంటి సేఠ్ పేరు, కింద తాత తండ్రి పేరు. ఆ అంకె చూసి నా కళ్ళను నేను నమ్మలేదు. అదే కొలత ఖోలీకి నేను నెలకు కట్టే డబ్బు ఆయనకు ఏళ్ళ తరబడి కిరాయికి సరిపోతుంది. యుద్ధకాలపు ధరల నుంచి కిరాయిదార్లను కాపాడడానికి 1947లో చేసిన చట్టం కిరాయిలను 1940 సెప్టెంబరు 1 నాటి లెక్క దగ్గర బిగించేసింది. తర్వాత రూపాయి విలువ ఎంత పడిపోయినా ఆ అంకె అర్ధశతాబ్దం కదల్లేదు. 1999 చట్టం వచ్చాకే ఏటా నాలుగు శాతం పెంచుకోనిచ్చారు.

సేఠ్‌కు కిరాయి గిట్టదు కాబట్టి ఖోలీలోకి దిగేటప్పుడే లోపాయికారీగా పెద్ద మొత్తం తీసుకునేవాడు. దాన్నే పగిడీ అంటారు. చాలాకాలం అది నేరం, అయినా ఊరంతా నడిచింది. చివరికి ఆ 1999 చట్టమే దాన్ని ఒప్పుకుంది. మనవాళ్ళకు దీన్ని చెప్పాలంటే రక్షిత కౌలుదారు గుర్తుకొస్తాడు. మా తాత ఒక పటేలు భూమికి రక్షిత కౌలుదారు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం వల్ల ఆయన్ను మడిలోంచి ఎవరూ లేపలేకపోయారు. తర్వాత అదే చట్టం కింద 38-ఈ సర్టిఫికెట్ వచ్చి భూమే ఆయనదైంది. సర్టిఫికెట్ అందిన రోజు ఆయన అన్నం తినకుండా నేరుగా బాయి దగ్గరికి పోయి సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చున్నాడట. పగిడీవాడికి ఆ సర్టిఫికెట్ రోజు మాత్రం రాదు. కిరాయిదారు కిరాయిదారుగానే పోతాడు. హక్కును ఇంకొకరికి అమ్ముకోవచ్చు కానీ అందులో మూడో వంతు దాకా సేఠ్ తీసుకోవడం ఆనవాయితీ.

ఆ 1947 కిరాయి చట్టాన్ని తిట్టేవాళ్ళున్నారు, నేను తిట్టను. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపు మీద రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగి, ఎన్నో మిల్లులు తెరుచుకోకుండా పోయినప్పుడు, వేల కుటుంబాలకు తల మీద కప్పు మిగిలింది ఈ పావతుల వల్లే. కానీ దాని బరువు రెండు చోట్ల పడింది. కిరాయి రానిచోట సేఠ్ మరమ్మతు చేయడు, మెట్లకు ఇనుప కడ్డీలు ఊతం పెట్టిన చాళ్ళు ఎన్నో. ఇక పావతి లేకుండా ఆలస్యంగా వచ్చిన నాలాంటివాళ్ళం పదకొండు నెలల కాయితం మీద బతుకుతాం. గడువు తీరినప్పుడల్లా కిరాయి పెరుగుతుంది, దళారీకి మళ్ళీ కమీషన్, సామాన్లెత్తడానికి మళ్ళీ టెంపో. చిట్టీ ఎత్తిన డబ్బు ఊరికి పంపుదామనుకుంటే ఇందులోనే కరిగిపోతుంది. నూనెలో, కూరగాయల్లో నేను మిగిల్చింది ఒక్క దళారీ జేబుకు కూడా చాలదు.

ఇప్పుడు కామాఠిపురా మొత్తాన్ని, సుమారు 34 ఎకరాలు, తన గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేత మళ్ళీ కట్టించాలని మహారాష్ట్ర ప్రభుత్వం పూనుకుంది. హక్కున్న ప్రతి కిరాయిదారుకు 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తామంటోంది. అందుకే మన వైపు ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకు ఈ మాట చెబుతున్నాను. మీ తాతలో పెద్దనాయనలో ఒకప్పుడు బొంబాయిలో కిరాయికి ఉన్నవాళ్ళైతే, ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఒకసారి తెరిచి చూడండి. పావతులుంటే పారేయకండి. అయితే పావతి ఒక్కటే సరిపోదు. పెద్దాయన పోయేనాటికి ఆయనతోపాటు అదే ఖోలీలో ఉన్న కుటుంబసభ్యుడికే ముందు హక్కని చట్టం. అక్కడే ఉండిపోయిన చిన్నాయన కొడుకు ఎవరైనా ఉంటే, కాయితాలు తీసుకెళ్ళి అతని చేతికివ్వండి.