చెయ్యి ఊపే పెద్ద లేని పాట

బృందగానం అనగానే ఇప్పటి పిల్లల కళ్ళముందు ఒక బొమ్మ మెదులుతుంది. వేదిక మీద మూడు నాలుగు వరసల్లో పాడేవాళ్ళు, వాళ్ళకు ఎదురుగా, మనకు వీపు చూపిస్తూ చేతులు ఊపే మనిషి ఒకరు. ఆయన్ని కండక్టర్ అంటారు. మన ఇళ్ళలో కండక్టర్ అంటే బస్సులో టికెట్ కొట్టే ఆయనే కాబట్టి, ఈ మాట విని మా అవ్వలాంటి వాళ్ళు నవ్వేవాళ్ళు. పేరున్న బృందాలు అప్పుడప్పుడూ బయటి ఊళ్ళ నుంచి అతిథిగా ఒక కండక్టర్‌ను పిలిపించుకుంటాయి, ఆ కాలంలోనే కట్టిన కొత్త పాటలు పాడతాయి. అది పడమటి దేశాల పద్ధతి, మంచి పద్ధతే.

మనవాళ్ళు తరతరాలుగా బతుకుతున్న తంజావూరు సీమలో ఇంకో రకం బృందగానం ఉంది. అందులో ఎదురుగా నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు ఉండరు. వందలమంది నేలమీద కూర్చుంటారు, ఒక్క గొంతుగా పాడతారు. పాడేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు. పాడేది మాత్రం ఎక్కువగా తెలుగు. ఏటా పుష్య బహుళ పంచమి పొద్దున తిరువయ్యారులో త్యాగయ్య సమాధి దగ్గర జరిగే పంచరత్న గోష్ఠిగానం అది. దాన్ని టీవీలో చూసే మనవాళ్ళు చాలామంది, అది త్యాగయ్య నాటినుంచీ అలాగే వస్తోందని అనుకుంటారు. నిజానికి అది ఒక పెద్ద తగాదా తీరి, రాజీ కుదిరాక స్థిరపడ్డ ఏర్పాటు. ఆ కథ మన పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టాడు. ఇంటిపేరు కాకర్ల. కంభం ప్రాంతంలోని కాకర్ల ఊరినుంచి వాళ్ళ పెద్దలు దక్షిణానికి వచ్చారని చెప్తారు. మనలాంటి వలస కుటుంబమే అన్నమాట. తంజావూరును అప్పటికే మరాఠా రాజులు ఏలుతున్నారు, ఊళ్ళో జనం మాట తమిళం. అయినా నాయకరాజుల కాలంనుంచి పాటకూ నాటకానికీ తెలుగే భాషగా నిలబడి ఉంది. మరాఠా రాజులు కూడా దాన్ని మార్చలేదు. ఆయన తెలుగులో పాడితే వింతగా చూసేవాళ్ళు ఎవరూ లేరు.

కలిసి పాడటం ఆ సీమలో ఆయనకు ముందే ఉంది. భజన సంప్రదాయం అంటారు దాన్ని. భాగవతారు ఒక పంక్తి ఎత్తుకుంటే కూర్చున్నవాళ్ళంతా అందుకుంటారు. అక్కడ భద్రాచల రామదాసు పాటలు, నారాయణ తీర్థుల తరంగాలు, మరాఠీ అభంగాలు, కన్నడ దాసుల పదాలు అన్నీ ఒకే రాత్రి వినపడేవి. త్యాగయ్య దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కట్టింది ఇలాంటి చోట నలుగురూ అందుకుని పాడటానికే. ఆయన వీధిలో ఉంఛవృత్తికి వెళ్తే వెంట శిష్యులు పాడుతూ నడిచేవాళ్ళు. ఆ రోజుల్లో అవి కొత్త పాటలే కదా! నిన్న కట్టిన పాట ఇవాళ పదిమంది నోట పలికేది.

పంచరత్నాల సంగతి వేరు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు ఘనరాగాల్లో, అయిదూ ఆదితాళంలోనే కట్టిన పెద్ద కృతులివి. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. ఒక్కో చరణాన్నీ ముందు స్వరాలుగా, తరవాత అవే స్వరాల మీద సాహిత్యంగా పాడతారు. విద్వాంసులకే కష్టమైన పని. అలాంటివి భజన పాటల్లాగా అందరూ కలిసి పాడే పాటలు ఎలా అయ్యాయి?

త్యాగయ్య 1847 జనవరి 6న పోయాడు. కావేరి ఒడ్డున సమాధి కట్టారు. ఏటా ఆ తిథికి శిష్యులు ఎవరిళ్ళలో వాళ్ళు ఆరాధన జరుపుకునేవాళ్ళు. సమాధి మాత్రం పట్టించుకునేవాళ్ళు లేక పాడుబడింది. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వచ్చి దాన్ని బాగుచేయించారు. వాళ్ళు త్యాగయ్య దగ్గరే నేర్చుకున్న శిష్యులు, అప్పటికి బాగా ముసలివాళ్ళు. ఆ తరవాత కొద్ది ఏళ్ళలో ఆరాధన సంగీత ఉత్సవంగా పెరిగింది. పెరిగిన కొన్నాళ్ళకే చీలింది. పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండు పక్షాలు. కట్చి అంటే తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు, మన మాటల్లో పార్టీ. వేరు వేరు ఉత్సవాలు, వేరు వేరు సంతర్పణలు. ఒకరి మేళానికి వెళ్ళిన విద్వాంసుడిని ఇంకొకరు అనుమానంగా చూడటం. ఎన్ని కొట్లాటలున్నా ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలూ కలిశాయి. ఆడవాళ్ళు అక్కడ కచ్చేరి చెయ్యకూడదు.

ఇక్కడే బెంగళూరు నాగరత్నమ్మ కథ వస్తుంది. ఆమె 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టింది. దేవదాసి కుటుంబం. కన్నడ సీమ మనిషి అయినా తెలుగు బాగా చదువుకుంది. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చువేయించింది. ఆడది రాసిన శృంగార కావ్యాన్ని ఇంకో ఆడది అచ్చువేయించడం అప్పటి పెద్దమనుషులకు గిట్టలేదు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది.

మద్రాసులో కచ్చేరీలతో బాగా సంపాదించిన ఆమెకు, త్యాగయ్య సమాధి దిక్కులేకుండా ఉందని 1921లో తన గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలిసింది. ఆమె తిరువయ్యారు వెళ్ళింది. చుట్టూ స్థలం కొని, గుడి కట్టించి, త్యాగయ్య విగ్రహం పెట్టించింది. 1926 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. ఖర్చు ఆమెది, స్థలం ఆమె కొన్నది. ఆమె డబ్బుతో లేచిన గుడి ముందు ఆమెనే పాడనివ్వలేదు.

నాగరత్నమ్మ గొడవపడి ఊరుకునే మనిషి కాదు. 1920ల చివర్లో ఆడవాళ్ళతోనే వేరే ఆరాధన మొదలుపెట్టింది. సమాధికి వెనకవైపు ఆమెతోబాటు ఎందరో దేవదాసీలు పాడారు. అది మూడో కట్చి అయింది. ఒక్క మనిషి సమాధి చుట్టూ మూడు ఆరాధనలు!

ఇలా ఏళ్ళు గడిచాయి. చివరికి 1940–41 ప్రాంతంలో, పెద్ద అధికారులూ విద్వాంసులూ మధ్యవర్తిత్వం చేస్తే, అన్ని పక్షాలూ ఒకటయ్యాయి. ఆడవాళ్ళకు చోటు దొరికింది. అందరూ కూర్చుని పంచరత్నాలు కలిసి పాడటం ఆ రాజీ తరవాత అక్కడ స్థిరపడిన పద్ధతి. ఎందుకు అవే అంటే, ఆలోచిస్తే నాకు ఇలా తోస్తుంది. విడివిడి కచ్చేరీలు పెడితే ముందు ఎవరు, వెనక ఎవరు, ఎంతసేపు అన్న తగువు వస్తుంది. కలిసి పాడితే ఆ తగువుకు చోటుండదు. పెద్ద విద్వాంసుడూ, పక్కన కూర్చున్న పిల్లా ఒకే పంక్తి పాడతారు.

పాట పట్టుకుని ముందుకు నడిపే మనిషి లేకుండా ఇంతమంది ఎలా కలుస్తారు? కొంత ఏర్పాటు కృతుల్లోనే ఉంది. అయిదూ ఎనిమిది అక్షరాల ఆదితాళమే కాబట్టి, ఎవరి తొడ మీద వాళ్ళు తాళం వేసుకుంటూ కూర్చుంటారు. పక్కవాడి చెయ్యి కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. కండక్టర్ చేతిలో ఉండే పని ఇక్కడ అందరి చేతుల్లోనూ ఉందన్నమాట. స్వరం ముందు, సాహిత్యం తరవాత రావడం వల్ల, తప్పిపోయినవాడికి మళ్ళీ అందుకోవడానికి వీలు దొరుకుతుంది. మృదంగాలూ వయొలిన్లూ వేణువులూ వెనక కాపు కాస్తాయి.

సర్దుబాట్లు కూడా తప్పవు. ఆడ గొంతుకూ మగ గొంతుకూ శ్రుతి వేరు. ఒకే శ్రుతిలో పాడాలంటే ఇద్దరూ కొంచెం ఇబ్బంది పడాలి. ఇంకో పెద్ద సర్దుబాటు పాఠాంతరం. ఉమయాళ్‌పురం శిష్యులది ఒక పాఠం, తిల్లైస్థానం వాళ్ళది ఒకటి, వాలాజాపేట వాళ్ళది ఇంకొకటి. మా గురువు నేర్పిందే సరైనదని ప్రాణం పెట్టేవాళ్ళు ఆ పొద్దుటికి దాన్ని పక్కన పెట్టి అందరికీ కుదిరిన పాఠం పాడాలి. గోష్ఠిగానం అంటే ఇష్టపడని సంగీతజ్ఞులు లేకపోలేదు. అంతమంది పాడితే గమకాల నగిషీ నిలవదని వాళ్ళ ఫిర్యాదు. అందులో నిజముంది. కానీ అది కచ్చేరి కాదు, ఒకరికి వినిపించడానికి పాడేది కాదు. కొన్నేళ్ళ ముందు ఎదురుపడని మనుషులు పక్కపక్కన కూర్చోవడానికి ఒప్పుకున్న గుర్తు అది.

నాగరత్నమ్మ 1952లో పోయింది. ఆమె సమాధి త్యాగయ్య సన్నిధికి ఎదురుగానే ఉంది. ఎప్పుడైనా వెళ్తే అక్కడ కూడా ఒక నమస్కారం పెట్టండి.

ఈ గోష్ఠిగానం పద్ధతి తరవాత మిగతా పాటలకూ పాకింది. తిరుపతిలో అన్నమయ్య సప్తగిరి సంకీర్తనలను ఇలాగే కలిసి పాడతారు. అక్కడ ఇంకో విశేషం ఉంది. అన్నమయ్య పదాలు 15వ శతాబ్దివి, తిరుమల రాగిరేకుల మీద దొరికాయి. రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. కాబట్టి మనం వినే వరసలు చాలావరకు 20వ శతాబ్దిలో కట్టినవే. ఆ పనికి మొదట పూనుకున్నవాళ్ళలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఒకరు. అనంతపురం జిల్లా మనిషి, మైసూరు మహారాజా కళాశాలలో ఏళ్ళ తరబడి తెలుగు పాఠం చెప్పినవాడు. కర్ణాటకలో స్థిరపడిన తెలుగువాళ్ళకు దగ్గరి పేరు. పాత మాటలకు కొత్త సంగీతం అన్నమాట. మన సంప్రదాయంలో పాతకూ కొత్తకూ మధ్య గోడ అంత మందంగా ఉండదు.

ఇప్పుడు మొదట చెప్పిన ఆ చెయ్యి ఊపే మనిషి దగ్గరికి వద్దాం. మద్రాసులో ఆ పద్ధతిని మన పాటకు అలవాటు చేసినవాడు ఎం.బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టాడు. సినిమా సంగీతం చేశాడు, మలయాళంలో ఎక్కువ. అడూర్ గోపాలకృష్ణన్ 'స్వయంవరం', 'ఎలిప్పత్తాయం' సినిమాలకు ఆయనే సంగీతం. సినిమా వాద్యకారులకు సంఘం కట్టి వాళ్ళ కూలి కోసం పోరాడాడు. వీటన్నిటితోబాటు మద్రాస్ యూత్ క్వయర్ అని ఒక బృందాన్ని పెంచాడు. సంగీతం వృత్తి కాని కుర్రవాళ్ళనూ అమ్మాయిలనూ చేర్చి, భారతియార్ పాటలకూ కొత్తగా రాయించిన పాటలకూ వేరు వేరు గొంతులు వేరు వేరు స్వరాలు పలికేలా వరసలు కట్టాడు. బొంబాయిలో సలిల్ చౌధురి, కలకత్తాలో రూమా గుహ ఠాకుర్తా 1958లో ఇలాంటి బృందాలు మొదలుపెట్టి ఉన్నారు. శ్రీనివాసన్ బడిపిల్లల చేత తమ భాష కాని భాషల్లో పాడించే పని మీద ఊళ్ళు తిరిగాడు. 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో ఉండగా పోయాడు.

తిరువయ్యారులో అందరూ ఒకే స్వరం పాడతారు, ముందు నిలబడేవాళ్ళు లేరు. శ్రీనివాసన్ బృందంలో స్వరాలు నాలుగు దారుల్లో వెళ్తాయి, వాటిని కలపడానికి ఒక మనిషి కావాలి. పద్ధతులు వేరు. రెండిట్లోనూ పాడేవాళ్ళు తమది కాని భాషను నోట పట్టుకున్నారు. ఆ భాష వాళ్ళకు పరాయిగా మిగల్లేదు.

మనకు దీంతో పనేమిటంటే, చెప్తాను. తమిళనాడులో 2006 చట్టం తరవాత బడిలో తెలుగుకు చోటు ఇరుకైంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి అక్షరాలు రావు. పాట నేర్చుకునేటప్పుడు తమిళ లిపిలో అచ్చయిన పుస్తకం పట్టుకుంటారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగిటికీ ఒకటే అక్షరం కాబట్టి, ఆ పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఏది పలకాలో చెప్తారు. తెలుగు రానివాళ్ళు తెలుగును సరిగా పలకాలని అంత శ్రద్ధ తీసుకున్నారు. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు వాళ్ళ మీద గౌరవం కలుగుతుంది, మన మీద కొంచెం సిగ్గు కలుగుతుంది. మన పిల్లలు కూడా ఆ అంకెల మీదే ఆధారపడుతున్నారు.

తెలుగు ఒక్క తెలుగువాళ్ళదే అయి ఉంటే తంజావూరులో ఎప్పుడో ఆరిపోయేది. తమిళ భాగవతార్లూ, కన్నడ నాగరత్నమ్మా, ఊరూపేరూ తెలియని దేవదాసీలూ దాన్ని నోట పట్టుకుని నిలబెట్టారు. వాళ్ళు పాటను కాపాడారు. మాటకు అర్థం చెప్పే పని మాత్రం మన ఇళ్ళది. ఆ పని ఇంకొకరు చేసిపెట్టరు.

బరంపురంలో గానీ, షోలాపూరులో గానీ, హొసూరులో గానీ, యానాంలో గానీ, ఈసారి ఇంట్లో పెళ్ళికో గృహప్రవేశానికో పదిమంది కూడినప్పుడు ఒక చిన్న దివ్యనామ కీర్తన ఎంచుకోండి. పంచరత్నాలదాకా పోనక్కర్లేదు. పాడేముందు ఇంట్లో పెద్దావిడ చేత దాని అర్థం చెప్పించండి. పక్కన తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. తోటికోడలు తమిళ పిల్ల అయినా, అల్లుడు ఒడియా అబ్బాయి అయినా పక్కన కూర్చోబెట్టుకోండి. తాళం తెలిసినవాళ్ళ చెయ్యి చూసి తెలియనివాళ్ళు వేస్తారు.